ఆ ఇంజెక్షన్ వద్దన్నది నేనే

49 ఏళ్ళ పాఠకురాలు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సారాంశం ఇది.

మూడు నెలల కిందట ఒక తెల్లవారుజామున ఆమె తల్లి, 76 ఏళ్ళావిడ, బాత్రూమ్ నుంచి వస్తూ పడిపోయారు. ఎడమ తుంటి విరిగింది. ఆస్పత్రిలో తన మందుల పేర్లన్నీ ఆవిడే గడగడా చెప్పారట. గుండెకు స్టెంట్ ఉంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. ఆ మందు ప్రభావం కాస్త తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు. ఈలోగా మత్తు డాక్టర్ ఒకరు వచ్చి, "గజ్జ దగ్గర అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నరాలకు బ్లాక్, అంటే వాటిని కొన్ని గంటలు మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇస్తాం, నొప్పి బాగా తగ్గుతుంది" అని రెండు నిమిషాల్లో చెప్పి సంతకం అడిగారు. ఈమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. దూరంగా ఉన్న అన్నయ్యకు ఫోన్ చేశారు. "నరానికి సూది గుచ్చితే కాలు పడిపోతుంది. పైగా రక్తం పలచబడే మందు మీద ఉంది. నొప్పి తెలియకపోతే కాలు కదిపేస్తుంది, ఎముక ఇంకా పక్కకు జరుగుతుంది. ఎలాగూ ఆపరేషన్‌కు మత్తు ఇస్తారు, ఇప్పుడెందుకు?" అన్నారాయన. ఈమె డాక్టర్‌తో వద్దని చెప్పేశారు.

తర్వాత రెండు రాత్రులు. దుప్పటి సర్దినా, బెడ్‌పాన్ పెట్టినా, ఎక్స్‌రే బల్ల మీదికి మార్చినా అమ్మ "కదపకండి, నన్ను కదపకండి" అని అరిచారు. మార్ఫిన్ ఇస్తే మగతగా పడుకోవడం, మెలకువ వస్తే మళ్ళీ అరవడం. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఆ రాత్రి నుంచి ఐదు రోజులు ఆవిడ కూతుర్ని గుర్తుపట్టలేదు, సెలైన్ పీకేశారు, లేని మనుషులతో మాట్లాడారు. ఇప్పుడు మనసు కుదుటపడింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు, అయితే వ్యాయామం అంటే వణుకు. "మళ్ళీ పడితే ఆస్పత్రికి తీసుకెళ్ళకు, ఇంట్లోనే పోతాను" అంటున్నారు. "అమ్మను అంత బాధపెట్టింది నువ్వే" అని చెల్లెలు మాట్లాడటం మానేసింది. మనం చేసిందే సరైనదని అన్నయ్య ఇప్పటికీ అంటున్నారు.

ఆమె అడిగేవి మూడు. అమ్మకు మతి తప్పడానికి నా నిర్ణయమే కారణమా? రెండో తుంటికీ ప్రమాదం ఉందని డాక్టర్లు హెచ్చరించారు, అదే జరిగితే నేనేం చెయ్యాలి? అన్నయ్య మాట కాదనగలనా?

జవాబు:

నేనూ మత్తు డాక్టర్‌నే. మీ అమ్మగారి మంచం దగ్గరికి వచ్చిన డాక్టర్ చేసిన పనే ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాను. ఆ రెండు నిమిషాల సంభాషణ మంచానికి అవతలి వైపు ఎలా వినబడుతుందో మీ ఉత్తరం చూపించింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ళకు వచ్చే ఈ తికమకను డెలీరియం అంటాం. దానికి ఒక్క కారణం అంటూ ఉండదు. వయసు, పోయిన రక్తం, నిద్రలేని రాత్రులు, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రానికి పెట్టిన గొట్టం, మలబద్ధకం, మార్ఫిన్, ఆఖరికి కళ్ళద్దాలు తీసి సొరుగులో పెట్టెయ్యడం, ఇవన్నీ కలిసి చేసే పని అది. వాటిలో తగ్గని నొప్పి కూడా ఒకటి. వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్ష తుంటి విరిగిన మూడు వేల మందికి పైగా రోగుల మీద జరిగిన 49 అధ్యయనాలను కలిపి చూసింది. బ్లాక్ తీసుకున్నవాళ్ళలో తికమక తక్కువగానే ఉంది. ఎంత తక్కువంటే, సుమారు 12 మందికి బ్లాక్ ఇస్తే ఒకరికి అది తప్పుతుంది. ఆ ఒకరు మీ అమ్మగారే అయ్యేవారని మీ చెల్లెలైనా నేనైనా చెప్పలేం. బ్లాక్ తీసుకున్నా ఆ ఐదు రోజులు వచ్చి ఉండొచ్చు.

నొప్పి సంగతి వేరు. అక్కడ మీకు ఊరట కోసం లేని మాట చెప్పను. అదే సమీక్షలో, బ్లాక్ ఇచ్చిన అరగంటకు, కదిపినప్పుడు కలిగే నొప్పి పదికి రెండున్నర పాయింట్ల దాకా తగ్గింది. తుంటి విరిగినవాళ్ళకు కదలకుండా పడుకున్నంతసేపూ బాధ ఓర్చుకునేలాగే ఉంటుంది. కదిపితేనే ప్రాణం పోయినట్టుంటుంది. కీలును చుట్టి ఉండే సంచిలో, ముఖ్యంగా దాని ముందు భాగంలో, నరాల కొసలు దట్టంగా ఉంటాయి. విరిగిన ఎముక కొస కదిలిన ప్రతిసారీ వాటిని గీరుతుంది, తొడ కండరాలు బిగుసుకుని ఆ ఎముక కొసల్ని ఇంకా లాగుతాయి. మార్ఫిన్ మెదడు దగ్గర పనిచేసే మందు. దుప్పటి మార్చేటప్పటి నొప్పిని ఆపేంత మోతాదు ఇస్తే, మార్చడం అయిపోయాక మనిషి మగతలోకి జారిపోతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. పెద్ద వయసులో మూత్రపిండాలు కాస్త బలహీనంగా ఉంటే ఆ ప్రభావం ఇంకా సేపు నిలుస్తుంది. మీరు చూసింది అదే: అయితే మగత, లేకపోతే అరుపు. బ్లాక్ ఇచ్చి ఉంటే ఆ రెండు రాత్రులు తేలిగ్గా గడిచేవని నమ్మడానికి కారణం ఉంది.

అలాగని ఆ భారమంతా మీరొక్కరే మొయ్యాల్సింది కాదు. తెల్లవారుజామున, ఒంటరిగా, భయంతో ఉన్న మనిషి రెండు నిమిషాల్లో చెప్పిన జవాబు అది. ఒకసారి వద్దంటే ఎప్పటికీ వద్దన్నట్టు కాదు. మొదటి రాత్రి అరుపులు విన్నాక ఎవరో ఒకరు మీ దగ్గరికి తిరిగి వచ్చి "ఇప్పుడేమంటారు?" అని అడగాల్సింది. క్లోపిడోగ్రెల్ కోసం తుంటి ఆపరేషన్ వాయిదా వెయ్యకూడదన్నదే ఇప్పుడు చాలా మార్గదర్శకాల మాట. పూర్తి మత్తు ఇచ్చి చెయ్యొచ్చు. ఒకవేళ ఆపాలనే అనుకుంటే, ఆ ఆగిన గంటలకు నొప్పి మందు ఏమిటో కూడా వాళ్ళే గట్టిగా ఆలోచించాలి.

ఇంకొకటి కనబడింది, చెప్పకుండా ఉండలేను. ఆరు పేజీల్లో మీ అన్నయ్య మాటలున్నాయి, చెల్లెలి మాటలున్నాయి, డాక్టర్ మాటలున్నాయి. అమ్మ మాటలు రెండే చోట్ల ఉన్నాయి: "కదపకండి", "ఆస్పత్రికి తీసుకెళ్ళకు". ఆ ఉదయం తన మందుల పేర్లన్నీ తప్పు లేకుండా చెప్పిన మనిషి ఆవిడ. ఆ ఇంజెక్షన్ కావాలా వద్దా అని ఆవిడనే అడగొచ్చు. మీరు అడగలేదు, అన్నయ్య అడగలేదు, అసలు మీకంటే ముందు మా డాక్టర్ అడగాల్సింది. మంచం మీదున్న మనిషి తెలివిలో ఉంటే సంతకం ఆమెది. కుటుంబం పక్కన నిలబడి సాయం చెయ్యాలి. నా ఉద్దేశంలో మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అన్నయ్య మాట కాదనాలా వద్దా అన్న సంకటమే మీకు రాకూడదు.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ ఎలా ఉంటుందో చెప్తాను. అన్నయ్యకు కూడా చదివి వినిపించండి, ఆయన ఊహించుకున్న సూదికీ దీనికీ చాలా తేడా ఉంది. పేషెంట్‌ను పక్కకు తిప్పక్కర్లేదు, లేపక్కర్లేదు, వెల్లకిలా ఉన్నవాళ్ళకు ఉన్నట్టే చేస్తాం. గజ్జ కింద చల్లటి జెల్ రాసి అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనిస్తే, స్క్రీన్ మీద ముందు తొడ ధమని కనబడుతుంది. నల్లగా, గుండ్రంగా, గుండెతో పాటు కొట్టుకుంటూ ఉంటుంది. దాని బయటి పక్కన తేనెపట్టు ముక్కలా మెరిసేది ఫీమరల్ నరం. ఆ రెంటినీ వదిలేసి ఇంకాస్త పక్కకు జరిగితే, కండరం మీద పరిచినట్టు ఒక తెల్లటి గీత. అది ఫేషియా ఇలియాకా అనే పొర. మా సూది వెళ్ళేది ఆ పొర కిందికి, నరంలోకి కాదు. ముందు చర్మానికి మత్తు ఇస్తాం. సూది స్క్రీన్ మీద వెండి గీతలా ముందుకు పోతుంది, దాని మొన ఎక్కడుందో చూస్తూనే ఉంటాం. పొర దాటాక కొంచెం సెలైన్ వదులుతాం. పొర కండరం మీంచి లేచి, మధ్యలో నల్లటి మడుగు పరుచుకుంటే సరైన చోటికి చేరినట్టు. ఆ మడుగు కండరం లోపల ఉబ్బితే తప్పు చోటు, సూది సర్దుతాం. అప్పుడు మందు, 30 నుంచి 40 మిల్లీలీటర్లు, కొద్దికొద్దిగా, మధ్యమధ్య సిరంజి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుంటూ ఇస్తాం. మందే ఆ పొర కింద పాకుతూ నరాలను చేరుతుంది.

ఇరవై, ముప్ఫై నిమిషాలు ఆగి నర్సు మోకాలి కింద దిండు సర్దుతుంటే నేను పేషెంట్ ముఖమే చూస్తాను. నుదుటి మీద ముడత పడదు. దుప్పటిని గట్టిగా పట్టుకున్న చెయ్యి వదులవుతుంది. కొంతమంది ఆ క్షణమే నిద్రపోతారు. మందును బట్టి ఆ ఉపశమనం ఎనిమిది గంటల నుంచి ఒక రోజు దాకా ఉంటుంది. ఆపరేషన్ ఆలస్యమయ్యేలా ఉంటే బ్లాక్ మళ్ళీ ఇవ్వొచ్చు, లేదా సన్నటి గొట్టం అక్కడే ఉంచి మందు పంపుతూ ఉండొచ్చు. అందరికీ నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వకూడదు. కీలు వెనక భాగానికి నరాలు వేరే దారిన వస్తాయి, కొంత మిగిలిపోతుంది.

ఇక అన్నయ్య భయాలు. ఆయన తల్లి మీది ప్రేమతోనే అన్నారు. ఒక్క భయం కూడా ఊరికే కొట్టిపారేసేది కాదు.

కాలు పడిపోతుందన్నది. బ్లాక్ పనిచేసినంతసేపూ తొడ మొద్దుబారుతుంది, మోకాలు చాచే బలం తగ్గుతుంది. మందు దిగాక తిరిగి వస్తుంది. ఎప్పటికీ ఉండిపోయే నరం దెబ్బ చాలా అరుదు, పదివేల మందిలో ఏ కొద్దిమందికో. అసలు లేదని చెప్తే అబద్ధం. 2018లో వెలుగులోకి వచ్చిన పెంగ్ బ్లాక్ అనే కొత్త పద్ధతిలో తొడ బలం ఎక్కువగా నిలుస్తుంది. ఏదైనా సరే, ఆపరేషన్ తర్వాత మొద్దు పోయిందని చూసుకోకుండా పేషెంట్‌ను ఒంటరిగా నిలబెట్టకూడదు. ఇది మర్చిపోతే మళ్ళీ పడిపోయే ప్రమాదం ఉంది.

రక్తం పలచబడే మందు సంగతిలో ఆయన రెండింటిని కలిపేశారు. నడుములో వెన్ను దగ్గర ఇచ్చే స్పైనల్ మత్తుకు ఆ మందు పెద్ద అడ్డంకి. అక్కడ లోపల రక్తం కారితే పైనుంచి నొక్కి ఆపలేం. గజ్జ దగ్గర ఈ పొర చర్మానికి దగ్గరే, రక్తం కారితే చేత్తో నొక్కి పట్టొచ్చు. అందుకే ఆ మందులు వాడేవాళ్ళకు కూడా లాభనష్టాలు తూచి ఈ బ్లాక్ ఇస్తుంటారు. నిజానికి మందు వల్ల ఆపరేషన్ ఆగిన మనిషికే దీని అవసరం ఎక్కువ.

నొప్పి తెలియకపోతే ఎముక జరుగుతుందన్న మాట చాలా ఇళ్ళల్లో వింటాను. తుంటి విరిగిన కాలును నొప్పి కాపాడదు. బాధకు కండరాలు బిగుసుకుంటేనే ఎముక కొసలు ఎక్కువ లాగబడతాయి. నొప్పి తగ్గినంత మాత్రాన ఆ కాలు మీద లేచి నిలబడమని ఎవరూ అనరు, దిండ్ల ఆసరాతో అలాగే ఉంచుతారు. "ఎలాగూ ఆపరేషన్‌కు మత్తు ఇస్తారు" అన్నదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది: ఆ రెండు రాత్రులు. ఇంకో సంగతి, స్పైనల్ ఇవ్వాలంటే పేషెంట్‌ను కూర్చోబెట్టాలి, లేదా పక్కకు తిప్పాలి. బ్లాక్ ముందే ఉంటే అది కూడా ఓర్చుకోగలుగుతారు.

ఆయన అడగనిది ఒకటుంది, మీరు అడగాల్సింది. మందు మోతాదు మించినా, పొరపాటున రక్తనాళంలోకి వెళ్ళినా నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి వస్తాయి. ముదిరితే ఫిట్స్, గుండె లయ తప్పడం. అందుకే బరువును బట్టి లెక్క కడతాం. రోపివకెయిన్ అనే మత్తు మందు అయితే కిలోకు 3 మిల్లీగ్రాములు దాటనివ్వం. మానిటర్ పెడతాం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే విరుగుడు చేతికి అందేలా ఉంచుతాం. "మానిటర్ ఉంటుందా? విరుగుడు దగ్గరుందా? ఇది మీరు తరచూ చేస్తుంటారా?" అని అడిగితే ఏ మంచి డాక్టర్ కూడా నొచ్చుకోరు. సూది వెళ్ళే చోట చర్మానికి ఇన్ఫెక్షన్ ఉన్నా, ఆ రకం మత్తు మందులు పడకపోయినా ముందే చెప్పాలి.

మళ్ళీ అలాంటి రోజు రాకూడదనే కోరుకుంటున్నాను. వస్తే మీ ముందు ఏమేం ఉంటాయో చూద్దాం. ఎమర్జెన్సీలోనే బ్లాక్ అడగడం మొదటిది. అమ్మగారు ఒప్పుకుని, చేసే చెయ్యి అలవాటున్నదైతే నేను దీని వైపే మొగ్గుతాను. ఆ పూట అలాంటి చెయ్యి లేకపోతే పారాసిటమాల్ వేళ తప్పకుండా, దాని మీద మార్ఫిన్ లాంటివి చిన్న మోతాదుల్లో. తక్కువ బాధతో గట్టెక్కేవాళ్ళు ఉన్నారు, కానీ మగత, వాంతులు, మలబద్ధకం ఉంటాయి, మధ్యమధ్య చూసుకునే మనిషి కావాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు ఈ వయసులో మూత్రపిండాలకు, కడుపుకు మంచివి కావు, ఇంట్లో ఉన్నాయి కదా అని వెయ్యకండి. కాలికి బరువు కట్టి లాగి ఉంచడం నొప్పి తగ్గిస్తుందని ఇప్పటికీ కొందరు చేస్తారు, దానివల్ల మేలు కనబడలేదు. ఇవేవీ ఒకదానికొకటి అడ్డు కావు, బ్లాక్ ఇచ్చినా పారాసిటమాల్ ఇస్తూనే ఉంటారు. మందు సరిపోయిందా లేదా అని తేల్చడానికి పడుకున్న మనిషిని "నొప్పి ఉందా?" అని అడిగితే చాలదు. బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే: పరీక్షలకు, శుభ్రం చెయ్యడానికి కదిపినప్పుడు ఓర్చుకోగలిగేంత ఉపశమనం ఉండాలి. కాలును మెల్లగా బయటికి తిప్పితే ముఖం చిట్లించుకుంటే సరిపోలేదన్నమాట.

ఆస్పత్రికే వెళ్ళకపోవడం ఇంకో దారి, అమ్మగారు అంటున్నది. ఆవిడ మాట తీసెయ్యకండి. అయితే అది ఆపరేషన్ వద్దనడమా, ఆ నొప్పి వద్దనడమా అన్నది తేలాలి. సరిచెయ్యని తుంటితో ఇంట్లో ఉండటం అంటే వారాల తరబడి మంచం, ప్రతి కదలికకూ ఆ బాధే, దాని మీద పుండ్లు, ఛాతీలో కఫం, కాళ్ళలో రక్తం గడ్డలు. ఆవిడ తప్పించుకోవాలనుకుంటున్నదే అక్కడ ఎక్కువ. ఎవరైనా నిజంగా ఆపరేషన్ వద్దనుకున్నా, లేదా ఒంటికి తట్టుకునే శక్తి లేకపోయినా, నొప్పి కోసం ఈ బ్లాక్‌లు వాళ్ళకూ ఇస్తారు. ఆ సంగతి ఆవిడకు తెలియదు. మీకూ ఇప్పటిదాకా తెలియదు.

కాబట్టి ఒక నింపాది సాయంత్రం చూసుకుని అమ్మ పక్కన కూర్చోండి. క్షమాపణతో మొదలుపెట్టకండి, ఆవిడ మిమ్మల్ని ఓదార్చే పనిలో పడిపోతారు. "ఆ రోజుల్లో అన్నిటికంటే ఏది కష్టమైంది?" అని అడిగి ఊరుకోండి. డెలీరియంలో చూసినవి కొందరికి గుర్తుంటాయి, వాళ్ళను అవి లోపల తొలుస్తూ ఉంటాయి. అవి ఆవిడ బుర్ర చెడటం వల్ల వచ్చినవి కావని, ఆ జబ్బులో చాలామందికి వస్తాయని చెప్పండి. తర్వాత ఇంజెక్షన్ గురించి చెప్పి, ఎప్పుడైనా అవసరమైతే కావాలంటారా వద్దంటారా అని అడగండి. ఆవిడ వద్దంటే ఆ జవాబుకూ అంతే విలువ ఇవ్వండి.

అది ఒక కాగితం మీద పెట్టండి. ఆవిడ వాడే మందులు, పడనివి, బరువు, కళ్ళద్దాలు ఎప్పుడూ దగ్గరుండాలని, పోయినసారి ఐదు రోజులు తికమక వచ్చిందని, నొప్పి గురించి ఆవిడ ఏమన్నారో ఆవిడ మాటల్లోనే. సంతకం ఆవిడది. మందుల పెట్టెలో ఉంచి, ఫొటో అన్నయ్యకూ చెల్లెలికీ పంపండి. తెల్లవారుజామున ఫోన్‌లో వాదించుకోవాల్సిన పని ఉండదు. అన్నయ్యతో పాత నిర్ణయం తప్పా ఒప్పా అని తేల్చుకోవడానికి కూర్చోకండి. అమ్మ ఇలా కోరుకుంటోందని చెప్తే చాలు. ఆయన ఒప్పుకోకపోతే, ఆయన్నే ఒక మత్తు డాక్టర్‌తో నేరుగా మాట్లాడమనండి. చెల్లెలికి మాత్రం మీరు నాకు రాసిన ఆ మూడో పేజీ, దుప్పటి మార్చిన రాత్రి గురించి రాసింది, చదవడానికి ఇవ్వొచ్చేమో ఆలోచించండి. ఆమె ఆ గదిలో లేదు. అమ్మ అరుపు మీ చెవుల్లో ఇంకా ఉందని ఆమెకు తెలియకపోవచ్చు. దానివల్ల ఆమె కరగకపోవచ్చు కూడా, అది మీ చేతిలో లేదు.

ఇప్పటి వ్యాయామం సంగతి ఆలస్యం చెయ్యొద్దు. భయంతో కదలకపోతే కండరం కరిగి మళ్ళీ పడే అవకాశం పెరుగుతుంది. వ్యాయామానికి ముప్పావు గంట ముందు పారాసిటమాల్ వెయ్యొచ్చా అని మీ డాక్టర్‌ను అడగండి. ఫిజియోథెరపిస్ట్‌తో "ఆపమనగానే ఆపాలి" అని అమ్మ ముందే ఒప్పందం చేసుకోండి. ఆపే హక్కు తన చేతిలో ఉందని తెలిస్తే ఇంకో అడుగు వేస్తారు. మూడు నెలలకు నొప్పి తగ్గుతూ రావాలి. గజ్జలో గానీ తొడలో గానీ కొత్తగా నొప్పి మొదలైతే అది భయం అనుకోకుండా ఎక్స్‌రే తీయించండి. ఎముకలు గట్టిపడే మందు మొదలుపెట్టారో లేదో ఉత్తరంలో లేదు, ఒక తుంటి విరిగినవారికి అది అడిగి తీరాలి. రాత్రి బాత్రూమ్ దారిలో లైటు, నిద్రమాత్రలు ఏమైనా ఉంటే వాటి గురించి ఒక మాట, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందేమో ఒకసారి చూడటం కూడా.

అమ్మతో మాట్లాడాక ఆవిడ ఏమన్నారో నాకు రాయండి. ఈసారి ఆవిడ మాటలు ఎక్కువ ఉండేలా.